ఆఫీసు ఫైర్‌వాల్, వీపీఎన్ పెట్టెల్లో భద్రతా లోపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల యూనిట్లలో, కూకట్‌పల్లి డయాగ్నొస్టిక్ సెంటర్లలో, అబిడ్స్ సీఏ ఆఫీసుల్లో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. పెద్ద హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఇవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవనక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. యజమానికి చూపించడానికి కూడా పనికొచ్చేలా రాశాను. ఈ పని చాలాచోట్ల ఆగిపోయేది తెలియక కాదు, డబ్బు దగ్గర, అనుమతి దగ్గర.

## మొదట వచ్చే సందేహాలు

ఫైర్‌వాల్ పెట్టించాం కదా సార్, ఇంకా భయం దేనికి?

ఫైర్‌వాల్ అంటే ఆఫీసు నెట్‌వర్క్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా ఉండే పెట్టె. ఆ పెట్టె కూడా ఒక కంప్యూటరే. దానికీ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, వెబ్ సర్వర్ ఉంది, లాగిన్ పేజీ ఉంది. మిగతా కంప్యూటర్లన్నీ దాని వెనక ఉంటే, అది మాత్రం నేరుగా ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కోసం వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) ఆన్ చేశారంటే ఆ లాగిన్ పేజీ ప్రపంచంలో ఎవరికైనా కనిపిస్తుంది. ఈమధ్య వచ్చిన ప్రమాదకరమైన లోపాల్లో చాలావరకు పాస్‌వర్డ్ అడగడానికి ముందే నడిచే కోడ్‌లో ఉన్నవి. అంటే మీ పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా వాటి ముందు పనికిరాదు. పైగా ఆ పెట్టెలో యాంటీవైరస్ వేయడానికి కంపెనీ మనకు వీలివ్వదు. లోపల ఏం జరుగుతోందో చూడటానికి మనకున్న దారులు చాలా తక్కువ.

మాది ఇరవై మంది ఆఫీసు. మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు?

దాడి చేసేవాడికి మీరెవరో తెలియనక్కర్లేదు. ఇంటర్నెట్‌లో ఏ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) మీద ఏ పెట్టె ఉందో షోడాన్ లాంటి సైట్లలో వెతికితే దొరుకుతుంది. లోపం బయటపడగానే ఆ మోడల్ ఉన్న ఐపీలన్నిటినీ ఒక ప్రోగ్రామ్ వరసగా తట్టుకుంటూ పోతుంది. ఆ జాబితాలో మీ స్టాటిక్ (మారని) ఐపీ కూడా ఒక నంబర్, అంతే.

ఒక ఉదాహరణ చెప్తాను. ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌లు చేసే ఫోర్టినెట్ కంపెనీ ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్‌లో సీవీఈ-2018-13379 (సీవీఈ అంటే లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) అనే లోపం ఉండేది. దాంతో లాగిన్ లేకుండానే పెట్టెలోని ఫైల్ చదివి వాడేవాళ్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు తీసుకోవచ్చు. దానికి 2019లోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చింది. అయినా 2021 సెప్టెంబర్‌లో దాదాపు 87,000 ఫోర్టిగేట్ పెట్టెల వీపీఎన్ పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. ప్యాచ్ వేయని రోజుల్లో ఎవరో స్కాన్ చేసి తీసి పెట్టుకున్నవవి. తర్వాత ప్యాచ్ వేసి, పాస్‌వర్డ్‌లు మార్చకుండా వదిలేసినవాళ్లకు కూడా ముప్పు అలాగే ఉండిపోయింది.

లోపాలే లేని బ్రాండ్ ఏదైనా ఉందా? అదే కొంటాం.

లేదు. 2023 అక్టోబర్‌లో సిట్రిక్స్, 2024 జనవరిలో ఇవాంటి, ఏప్రిల్‌లో పాలో ఆల్టో, 2025 సెప్టెంబర్‌లో సిస్కో ఏఎస్‌ఏ, వీటన్నిటిలోనూ పెద్ద లోపాలు బయటపడ్డాయి. సోఫోస్, సోనిక్‌వాల్, జైక్సెల్‌లకూ ఇలాంటి రోజులు వచ్చాయి. పీఎఫ్‌సెన్స్ లాంటి ఓపెన్ సోర్స్ వాటిలోనూ లోపాలు బయటపడుతుంటాయి.

బ్రాండ్ పేరు కన్నా మూడు సంగతులు అడగండి. అత్యవసర ప్యాచ్ దానంతటదే దిగే వీలుందా? ఈ మోడల్‌కి సపోర్ట్ ఏ సంవత్సరం వరకు? లోపం బయటపడితే కంపెనీ బహిరంగంగా, వివరంగా చెప్తుందా? 2020 ఏప్రిల్‌లో సోఫోస్ ఎక్స్‌జీ ఫైర్‌వాల్ మీద దాడి జరిగినప్పుడు, ఆటోమేటిక్ హాట్‌ఫిక్స్ ఆన్‌లో ఉన్న పెట్టెలకు కంపెనీయే నేరుగా మరమ్మతు పంపింది. ఐటీ మనిషి ఒక్కడే ఉన్న ఆఫీసుకి ఇది నిజంగా పెద్ద తేడా.

## కొనేటప్పుడు, బిగించేటప్పుడు

పార్క్‌లేన్‌లో సగం ధరకే సెకండ్‌హ్యాండ్ ఫైర్‌వాల్ దొరుకుతోంది. తీసుకోవచ్చా?

ల్యాబ్‌లో నేర్చుకోవడానికైతే హాయిగా తీసుకోండి. ఆఫీసుకైతే డబ్బు ఇచ్చే ముందు సీరియల్ నంబర్ తీసుకుని, అది ఇంకా పాత యజమాని ఖాతాలో రిజిస్టరై ఉందా, సపోర్ట్ మన పేరు మీదికి మారుతుందా, సపోర్ట్ ముగిసే తేదీ ఎప్పుడు అన్నవి తేల్చుకోండి. కాంట్రాక్ట్ లేకుండా ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్) డౌన్‌లోడ్ ఇవ్వని కంపెనీలు చాలా ఉన్నాయి.

సిస్కో ఏఎస్‌ఏ 5500-ఎక్స్ పాత మోడళ్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త. సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్ అసలుదేనా అని చూసుకునే ఏర్పాటు) లేని కొన్నిటిలో దాడి చేసినవాళ్లు బూట్ అయ్యే భాగాన్నే మార్చేశారని 2025 సెప్టెంబర్‌లో బయటపడింది. రీబూట్ చేసినా, ఫర్మ్‌వేర్ మార్చినా అది పోలేదు. సపోర్ట్ ముగిసిపోయిన మోడళ్లను శాశ్వతంగా తీసేయమని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా తమ ప్రభుత్వ ఆఫీసులకు ఆదేశమిచ్చింది. వాళ్లు తీసేసిన మోడల్ ఇక్కడ తక్కువ ధరకు వస్తోందంటే నేనైతే కొనను.

అడ్మిన్ పేజీ బయటికి తెరవకపోతే వెండర్ ఎలా చూస్తాడు అన్నా?

అన్ని ఆఫీసుల్లోనూ వచ్చే ప్రశ్న ఇదే. ఒక్క పనే చేయగలను అంటే ఈ పని చేయండి: అడ్మిన్ పేజీని (పెట్టె సెట్టింగ్‌లు మార్చే పేజీ), ఎస్‌ఎస్‌హెచ్‌ను (దూరం నుంచి కమాండ్లిచ్చే దారి) వ్యాన్ పోర్టు (ఇంటర్నెట్ వైపు పోర్టు) మీద మూసేయండి. వెండర్‌కి రెండు దారులున్నాయి. ముందు వీపీఎన్‌లోకి వచ్చి అక్కడి నుంచి అడ్మిన్ పేజీ తెరవచ్చు. లేదంటే వాళ్ల ఆఫీసు స్టాటిక్ ఐపీకి మాత్రమే అనుమతి ఇవ్వచ్చు. ఈ వసతి ప్రతి పెట్టెలోనూ ఉంటుంది. "ఇంటి నుంచి మొబైల్‌లో చూసుకోవాలి" అని వెండర్ అడిగితే ఒప్పుకోకండి. పోర్టు నంబర్ 443 నుంచి ఇంకేదో నంబర్‌కి మార్చడం రక్షణ కాదు, స్కానర్లు అన్ని పోర్టులూ చూస్తాయి.

2022 అక్టోబర్‌లో బయటపడ్డ సీవీఈ-2022-40684 అనే ఫోర్టినెట్ లోపం సరిగ్గా ఈ అడ్మిన్ పేజీలోదే. అప్పట్లో దొంగిలించిన దాదాపు 15,000 పెట్టెల కాన్ఫిగరేషన్ ఫైళ్లను 2025 జనవరిలో ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఫైర్‌వాల్ రూల్సన్నీ అందులో ఉన్నాయి. ఎప్పుడో పోయిన డేటా రెండేళ్ల తర్వాత బజారున పడింది.

ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ తీసేసి ఐపీసెక్ పెట్టుకోమంటున్నారు. నిజంగా అవసరమా?

అవుననే నా అభిప్రాయం. ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ అంటే వెనక ఒక వెబ్ సర్వర్ నడుస్తుంటుంది, దాడి చేయడానికి చోటు ఎక్కువ. ఐపీసెక్ ఇంకో రకం వీపీఎన్, దానికి వెబ్ సర్వర్ అక్కర్లేదు. నార్వే జాతీయ సైబర్ భద్రతా కేంద్రం 2024 మేలోనే ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ మానేసి ఐకేఈవీ2తో (రెండు వైపులా తాళాలు కుదుర్చుకునే పద్ధతి) ఐపీసెక్ వాడమని సిఫారసు చేసింది. ఫోర్టినెట్ తన ఫోర్టిఓఎస్ 7.6.3లో ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ టనెల్ మోడ్‌ను (కంప్యూటర్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే పద్ధతి) పూర్తిగా తీసేసింది. ఆ వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చేసేముందు ఐపీసెక్ సిద్ధంగా లేకపోతే సోమవారం పొద్దున ఫోన్లు మొదలవుతాయి.

ఐపీసెక్‌లో లోపాలే రావని కాదు. వీధి వైపు తెరిచి ఉండే కోడ్ తగ్గుతుంది. ఒక ఇబ్బంది కూడా ఉంది: యూడీపీ 500, 4500 పోర్టులను కొన్ని హోటల్ వైఫైలు ఆపేస్తాయి. ఊళ్లు తిరిగే సేల్స్ వాళ్లతో ముందే పరీక్షించి చూడండి.

ఓటీపీ పెట్టేశాం. సరిపోతుంది కదా?

పాస్‌వర్డ్ పోయినప్పుడు అది కాపాడుతుంది, తప్పకుండా ఉండాలి. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోవడానికి కారణం, వాడకం మానేసినా మూయని ఒక పాత వీపీఎన్ ఖాతా. దానికి రెండో అంచె లేదు. కానీ పెట్టెలోనే లోపం ఉంటే ఓటీపీని దాటేసి వస్తారు. పైన చెప్పిన 2023 సిట్రిక్స్ లోపం పేరు సిట్రిక్స్ బ్లీడ్. అందులో అప్పటికే లాగిన్ అయి ఉన్నవాళ్ల సెషన్ టోకెన్‌ని (లాగిన్ అయినట్టు పెట్టె ఇచ్చే గుర్తు) మెమరీ నుంచి లాగేశారు. ఓటీపీ కొట్టింది అసలు మనిషి, లోపలికి వెళ్లింది ఇంకొకడు.

## అప్‌డేట్ల దగ్గర

మంచిగా నడుస్తున్న పెట్టెను అప్‌డేట్ చేసి టెన్షన్ ఎందుకు తెచ్చుకోవాలి?

ఆ భయం నాకు అర్థమవుతుంది. అప్‌డేట్ తర్వాత బ్రాంచి లింక్ పడిపోతే తిట్లు తినేది ఐటీ మనిషే. అందుకే భయం తగ్గే పద్ధతిలో చేయాలి. ముందు కాన్ఫిగ్ బ్యాకప్ తీసి, దాన్ని ఆ పెట్టెలో కాకుండా వేరేచోట పెట్టండి. రిలీజ్ నోట్స్‌లో మీరు వాడే వీపీఎన్ గురించి ఏముందో చదవండి. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి నేరుగా దూకొచ్చా, మధ్యలో మెట్లున్నాయా చూసుకోండి. కన్సోల్ కేబుల్ చేతిలో పెట్టుకుని, ఆఫీసులోనే ఉండి చేయండి, ఇంటి నుంచి వద్దు.

రోజు ఎంచుకోవడం కూడా ముఖ్యమే. సీఏ ఆఫీసుల్లో నెలలో 11, 20 తేదీల చుట్టుపక్కల జీఎస్టీ రిటర్న్‌ల హడావుడి ఉంటుంది, ఆ రోజుల్లో చేయి పెట్టకండి. మామూలు అప్‌డేట్‌కి నెలకో ఆదివారం ముందే రాసిపెట్టుకుంటే ప్రతిసారీ అనుమతి అడిగే బాధ తప్పుతుంది.

వచ్చిన ప్రతి హెచ్చరికకీ అర్ధరాత్రి పరిగెత్తాలా?

అక్కర్లేదు. సీవీఎస్‌ఎస్ (లోపం తీవ్రత) స్కోర్ పదికి ఎంత అన్నది ఒక్కటే చూసి కంగారు పడకండి. దీన్ని ఇప్పటికే ఎవరైనా వాడుతున్నారా అన్నది ముందు చూడండి. వాడుకలో ఉన్న లోపాల జాబితాను సీసా 2021 నవంబర్ నుంచి నడుపుతోంది, కేఈవీ అంటారు. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ కూడా తన సైట్‌లో హెచ్చరికలు పెడుతుంది. మీ పెట్టె, మీ వెర్షన్, మీరు వాడే ఫీచర్, ఈ మూడూ కలిసి, లోపం వాడుకలో ఉందని తేలితే ఆ రోజే చేయాలి. ఆదివారం దాకా ఆగకూడదు. మిగతావి నెలవారీ అప్‌డేట్‌లో చేసుకోవచ్చు.

ఎందుకంత తొందర అంటే, 2024లో పాలో ఆల్టో వీపీఎన్ గ్లోబల్‌ప్రొటెక్ట్‌లోని లోపం సీవీఈ-2024-3400 గురించి కంపెనీ ఏప్రిల్ 12న ప్రకటించింది. దాన్ని కనిపెట్టిన వొలెక్సిటీ సంస్థకు మార్చి 26 నాటి దాడి ఆనవాళ్లే దొరికాయి. ప్యాచ్‌లు ఏప్రిల్ 14 నుంచి మొదలయ్యాయి. ఈలోపు టెలిమెట్రీ (పెట్టె వివరాలను కంపెనీకి పంపే ఫీచర్) ఆపేస్తే చాలని మొదట చెప్పారు, కొద్ది రోజులకే అది పనిచేయదని మార్చారు. మొదటి రోజు ప్రకటన చదివి టెలిమెట్రీ ఆపేసి నిశ్చింతగా ఉన్నవాళ్లు ఆ మార్పు చూడకపోతే తలుపు తెరిచే ఉంది. ఇలాంటి సమయంలో కంపెనీ పేజీని వారం పాటు రోజూ తెరిచి చూడండి.

లైసెన్స్ అయిపోయింది. రెన్యువల్‌కి ఓనర్ గారు ఒప్పుకోవట్లేదు.

కోట్‌లో ఉన్న మొత్తం చూసి వద్దంటారు. దాన్ని విడగొట్టి చూపించండి. వెబ్ ఫిల్టర్, యాంటీ స్పామ్ లాంటివన్నీ కలిపిన బండిల్ వేరు, ఫర్మ్‌వేర్ సపోర్ట్ మాత్రమే వేరు. రెండోది చాలా తక్కువకు వస్తుంది. అదీ కుదరకపోతే వీపీఎన్ ఆపేయండి. ప్యాచ్ రాని పెట్టె మీద వీపీఎన్ నడపడానికి నేనైతే సంతకం పెట్టను.

ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్ట్) ఉంది కదా, అన్నీ వెండరే చూసుకుంటాడు కదా?

కాంట్రాక్ట్ కాగితం తీసి చదవండి. చాలా వాటిలో పెట్టె పాడైతే వచ్చి చూస్తామని ఉంటుంది. ఫర్మ్‌వేర్ ఎవరు, ఎన్ని గంటల్లో వేయాలో ఉండదు. కంపెనీ పంపే హెచ్చరిక మెయిల్ ఎవరి ఐడీకి వెళ్తోందో అడగండి. ఉద్యోగం మానేసిన మనిషి ఐడీకి వెళ్తున్న సందర్భాలు చూశాను.

కూకట్‌పల్లి వైపు ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో అడ్మిన్ల జాబితా తెరిస్తే నాలుగు పేర్లున్నాయి. ఒకటి పెట్టెతో పాటే వచ్చిన అడ్మిన్. ఒకటి వెండర్‌ది. ఒకటి అంతకుముందు ఏఎంసీ చూసిన వెండర్‌ది, ఇంకా బతికే ఉంది, ఏ ఐపీ నుంచైనా లాగిన్ అవ్వచ్చు. నాలుగోది "టెస్ట్1". అది ఎవరు పెట్టారో ఆ ఆఫీసులో ఒక్కరూ చెప్పలేకపోయారు. పేషెంట్ల రిపోర్టులన్నీ ఆ పెట్టె వెనకున్న సర్వర్‌లోనే ఉన్నాయి. మీ ఆఫీసులో ఈ జాబితాను ఈరోజే తెరిచి, ప్రతి పేరు పక్కనా మనిషి పేరు, ఫోన్ నంబర్ రాయండి. రాయలేని ఖాతాను ముందు డిజేబుల్ చేసి, ఆ తర్వాత దాని లాగిన్ చరిత్ర చూడండి.

## ఎవరో దూరారని అనుమానం వచ్చినప్పుడు

ప్యాచ్ వేసేశాం. ఇక నిశ్చింతేనా?

ప్యాచ్ వేయకముందే ఎవరూ రాలేదని తెలిస్తేనే నిశ్చింత. తాళంచెవికి దొంగ నకలు తీసుకున్నాక తలుపు చెక్క బాగు చేయించినట్టవుతుంది. చెక్క గట్టిదే, కానీ చెవి వాడి దగ్గరుంది.

సిట్రిక్స్ బ్లీడ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ప్యాచ్ వేసినా దొంగిలించిన సెషన్లు బతికే ఉంటాయి కాబట్టి అన్ని సెషన్లనూ తెంచమని కంపెనీ విడిగా చెప్పాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఫోర్టినెట్ ఇంకో సంగతి బయటపెట్టింది. పాత లోపాలతో లోపలికొచ్చినవాళ్లు, ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ భాషా ఫైళ్లుండే ఫోల్డర్‌లో ఒక సింబాలిక్ లింక్ (వేరే ఫోల్డర్‌కి తీసుకెళ్లే అడ్డదారి) పెట్టి వెళ్లారు. పెట్టెకు ప్యాచ్ పడ్డాక కూడా ఆ లింక్ ద్వారా కాన్ఫిగరేషన్‌తో సహా ఫైళ్లను చదువుకోగలిగారు.

అందుకని వాడుకలో ఉన్న లోపానికి ప్యాచ్ వేసిన రోజే ఇవన్నీ మార్చండి: అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, వీపీఎన్ వాడేవాళ్లందరి పాస్‌వర్డ్‌లు, బ్రాంచి టనెళ్ల (బ్రాంచిలను కలిపే వీపీఎన్ లింక్‌ల) ప్రీషేర్డ్ కీలు (రెండు వైపులా పెట్టే ఒకే రహస్య పదం), సర్టిఫికెట్లు, ఏపీఐ కీలు. అందరూ మర్చిపోయేది ఒకటుంది. ఫైర్‌వాల్‌ని యాక్టివ్ డైరెక్టరీకి (ఆఫీసు యూజర్లందరి ఖాతాలుండే చోటు) కలపడానికి ఇచ్చిన సర్వీస్ ఖాతా. చాలాచోట్ల దానికి డొమైన్ అడ్మిన్ హక్కులు ఇచ్చేసి ఉంటారు. పెట్టెలోకి వచ్చినవాడు ఆ ఒక్క పాస్‌వర్డ్‌తో ఆఫీసంతా తిరగొచ్చు. దాని పాస్‌వర్డ్ మార్చి, హక్కులను చదవడానికి మాత్రమే పరిమితం చేయండి.

లోపలికి ఎవరైనా వచ్చారో లేదో ఎలా తెలుస్తుంది?

మనకు తెలియని అడ్మిన్ ఖాతా, వీపీఎన్ గ్రూపులో కొత్త పేరు, ఎవరూ పెట్టని పాలసీ ఉన్నాయేమో చూడండి. తర్వాత లాగ్‌లో (పెట్టె తనంతట తాను రాసుకునే రికార్డు) అడ్మిన్ లాగిన్లను సమయం ప్రకారం పేర్చండి. తెల్లవారుజామున మూడింటికి విదేశీ ఐపీ నుంచి లాగిన్, వెంటనే కాన్ఫిగ్ డౌన్‌లోడ్, ఆపైన లాగ్ ఆగిపోవడం, ఈ వరస కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. పాత బ్యాకప్ కాన్ఫిగ్‌ని ఇప్పటిదానితో పక్కపక్కన పెట్టి పోల్చండి. ఫైర్‌వాల్ సొంత ఐపీ నుంచి లోపలి సర్వర్ల మీదికి ఆర్‌డీపీ (దూరం నుంచి కంప్యూటర్ తెర తెరవడం) ప్రయత్నాలున్నాయేమో సర్వర్ లాగ్‌లో వెతకండి, ఆ పని అది ఎప్పుడూ చేయకూడదు.

ఇదంతా లాగ్‌లు ఉంటేనే. చిన్న పెట్టెల్లో మెమరీ తక్కువ, కొన్ని రోజులకే పాతవి చెరిగిపోతాయి. వచ్చినవాడు చెరిపేయనూవచ్చు. ఒక పాత డెస్క్‌టాప్‌ని సిస్‌లాగ్ (లాగ్‌లు దాచే) సర్వర్‌గా పెట్టి అక్కడికి పంపించండి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలని సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల్లో ఉంది. పెట్టెల గడియారం కూడా ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద సమయం సరిచేసుకునే పద్ధతి) సరిగ్గా ఉండాలి. లేకపోతే రెండు లాగ్‌లను కలిపి చదవడం కుదరదు.

అనుమానం రాగానే పవర్ తీసేయాలా?

తీయకండి, రీబూట్ కూడా వద్దు. కొన్ని ఆనవాళ్లు మెమరీలోనే ఉంటాయి, కరెంట్ పోతే పోతాయి. ఇంటర్నెట్ కేబుల్ పీకేయండి, లోపలి నెట్‌వర్క్ నుంచి కూడా విడదీయండి. లాగ్‌లు, కాన్ఫిగ్, అడ్మిన్ల జాబితా కాపీ తీసుకుని, తెరను ఫోన్‌తో ఫొటో తీయండి, సమయం రాసుకోండి. కంగారులో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం వల్ల ఎప్పుడొచ్చారు, ఎంత దూరం వెళ్లారు అన్నది ఎప్పటికీ తేలకుండా పోతుంది.

ఎవరికి చెప్పాలి? చెప్తే పరువు పోదా?

సర్ట్-ఇన్‌కి చెప్పడం కంపెనీలకు చట్టప్రకారం తప్పనిసరి. సంగతి మీ దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు, పూర్తి వివరాలు లేకపోయినా తెలిసినంత చెప్పాలి. టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-4949. డబ్బు కూడా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత అవకాశం. మన రాష్ట్రంలో ఈ కేసులకు తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. మీ వీపీఎన్‌తో కలిసి ఉన్న కస్టమర్లకూ, బ్రాంచిలకూ కూడా చెప్పండి. మీ టనెల్ గుండా వాళ్ల దగ్గరికి వెళ్లే దారి ఉంది, వాళ్లకి తెలుసుకునే హక్కుంది.

## మార్చేటప్పుడు

పాత పెట్టెను ఇంకెన్నాళ్లు లాగొచ్చు?

కంపెనీ ప్రకటించిన సపోర్ట్ ముగింపు తేదీ వరకు, అంతే. ఆ తేదీకి ఆరు నెలల ముందే బడ్జెట్‌లో పెట్టించండి. ఒక్కోసారి తేదీ కన్నా ముందే మార్చాల్సి రావచ్చు. 2023లో బారాకుడా ఈమెయిల్ గేట్‌వే పెట్టెల్లోకి దాడి లోతుగా వెళ్లడంతో, ప్యాచ్ వేసినా సరే దెబ్బతిన్న పెట్టెలను మార్చేయమని కంపెనీయే చెప్పింది.

కొత్త పెట్టెలోకి పాత కాన్ఫిగ్ ఎత్తేస్తే పని అయిపోతుంది కదా?

పని తొందరగా అవుతుంది, పాత ప్రమాదం కూడా వెంట వస్తుంది. 2025లో సోనిక్‌వాల్ పెట్టెల మీద అకిరా ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) దాడులు జరిగినప్పుడు, చాలా కేసుల్లో ఆరో తరం నుంచి ఏడో తరానికి మారేటప్పుడు లోకల్ యూజర్ల పాస్‌వర్డ్‌లు మార్చకుండా తెచ్చుకోవడమే కారణమని కంపెనీ తేల్చింది. రూల్స్ తెచ్చుకోండి, ఖాతాలు మాత్రం కొత్తగా పెట్టండి. ఎవరికోసం పెట్టారో తెలియని రూల్ ఉంటే అదీ తేవద్దు. అవసరమున్నవాళ్లు తామే అడుగుతారు.

తీసేసిన పెట్టెను స్క్రాప్‌కి ఇచ్చేయొచ్చా?

ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మళ్లీ ఆన్ చేసి, ఖాళీగా ఉందని కళ్లారా చూశాకే ఇవ్వండి. లోపల విడిగా డిస్క్ ఉంటే తీసేయండి. కంపెనీ పోర్టల్‌లో ఆ సీరియల్ నంబర్‌ని మీ ఖాతా నుంచి తొలగించండి. క్లౌడ్‌లో పెట్టిన బ్యాకప్‌లనూ వెతికి చెరిపేయండి. 2025 సెప్టెంబర్‌లో సోనిక్‌వాల్ క్లౌడ్ బ్యాకప్‌లోకి ఎవరో దూరారు. మొదట 5 శాతం లోపు కస్టమర్లే అన్నారు, తర్వాత ఆ సేవ వాడిన అందరి కాన్ఫిగ్ ఫైళ్లూ పోయాయని చెప్పారు. పెట్టె మీద అతికించిన ఐపీ, పాస్‌వర్డ్ స్టిక్కర్ ఉంటే దాన్నీ గీకేయండి.